వార్డు దొరికితేనే చదువు

రజతోత్సవ సావనీర్ కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "మేడం, మన స్కూలు చరిత్ర మీరే రాయాలి, నాలుగు పేజీలు మించకూడదు" అన్నారు. భవనాల ఫోటోలు, ర్యాంకుల పట్టిక, విదేశాల్లో స్థిరపడిన మన పిల్లల జాబితా విడిగా అచ్చవుతున్నాయట. వాటి జోలికి నేను పోను. నేను రాయదలచింది పోస్టింగుల సంగతి. డబ్బున్నవాళ్లు పూనుకుంటే నర్సింగ్ స్కూలుకు భవనం లేస్తుంది. పిల్లలను నిలబెట్టడానికి వార్డు సంపాదించడమే అసలు పని. ఈ పాతికేళ్లూ మన స్కూలు నడిచింది ఆ పని చేసినవాళ్ల వల్ల.

ముందుగా పెద్ద మేడం గురించి. ఆవిడ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో తర్ఫీదైన మనిషి. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టిన కథ మాకు మొదటి వారంలోనే చెప్పేవారు. చెప్పి ఊరుకునేవారు కాదు, ఆ క్రమశిక్షణంతా ఇక్కడికి మోసుకొచ్చారు. ఉదయం ఏడింటికల్లా వార్డులో ఉండాలి. గోళ్లు చూపించాలి. జడ వల లోపల ఉండాలి. దుప్పటి మూల నలభై అయిదు డిగ్రీల్లో మడత పడకపోతే ఒక్క మాట అనకుండా పక్కంతా లాగేసి, "మళ్లీ వెయ్యమ్మా" అని వెళ్లిపోయేవారు. అప్పట్లో ఏడ్చిన పిల్లలే ఈనాడు హెడ్ నర్సులై తమ కింద వాళ్ల దుప్పట్లు లాగేస్తున్నారని వింటున్నాను.

కరస్పాండెంటు డాక్టరుగారిది ఇంకో తీరు. తన ఆసుపత్రి మీద అప్పు ఉండగానే దాని వెనక రెండు గదుల్లో స్కూలు తెరిచారు. జీతాలు ఆలస్యమైన నెల ఆయనే స్టాఫ్ రూమ్‌కు వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పేవారు, "అమ్మా, పదో తారీఖు దాకా ఓపిక పట్టండి" అని. ఆయన చనిపోయాక ఆ మాట చెప్పడానికి వచ్చినవాళ్లు లేరు. జీతాలు మాత్రం కొన్నాళ్లు ఆలస్యమవుతూనే వచ్చాయి.

మొదటి బ్యాచ్‌లో ఎక్కువమంది దివి, కైకలూరు వైపు నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు. ఇంటర్ గట్టెక్కారు గానీ అనాటమీ పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే చెమటలు. ఫెయిలైతే ఇంటికి పిలిపించి పెళ్లి చేసేస్తారని వాళ్లకు తెలుసు, మాకూ తెలుసు. అప్పుడే సాయంత్రం క్లాసు పుట్టింది. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఏడింటికి మెస్ హాల్లో కూర్చునేవారు. ఆ క్లాసు పెట్టింది మా పోస్టింగుల మేడం. పేరు రాయొద్దని ఆవిడే కోరారు కనుక అలాగే అంటాను.

ఆవిడ పాఠం చెప్పే పద్ధతి ఒకటి చెబుతాను. గుండె పాఠం రోజున మాంసం కొట్టు నుంచి మేక గుండెను స్టీలు డబ్బాలో తెప్పించేవారు. మెస్ బల్ల మీద పాత ఎక్స్-రే ఫిల్మ్ పరిచి, దాని మీద గుండె పెట్టి, బ్లేడుతో నిలువునా కోసి, ఒక్కొక్కరి చేత ఎడమ జఠరిక గోడను రెండు వేళ్ల మధ్య పట్టించేవారు. "ఇది ఎందుకింత మందంగా ఉంది? ఒళ్లంతా పంపాలి కాబట్టి. కుడిది ఎందుకు పల్చగా ఉంది? పక్కనున్న ఊపిరితిత్తుల దాకా పంపితే చాలు కాబట్టి." ముందు తెలుగులో అర్థం కావాలి, తర్వాత అదే ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయాలి, రాసింది చదవాలి. వంటమ్మ మాత్రం, నా అన్నం బల్ల మీద ఇదేం పనని వారం రోజులు గొణిగేది.

ఇక పోస్టింగులు. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగులు ఉండాలి. మన ఆసుపత్రి మంచాలు మొదట్లో ఆ లెక్కకు ఆనేవి కావు. పైగా అన్ని రకాల కేసులూ ఒకచోట దొరకవు. మానసిక వైద్యానికి విశాఖ చినవాల్తేరు వెళ్లాల్సిందే. 1871 నుంచి ఉన్న ఆసుపత్రి అది. రాష్ట్రం నలుమూలల నుంచి నర్సింగ్ పిల్లలు అక్కడికి వస్తారు. తారీఖులు ముందుగా ఖాయం చేసుకోకపోతే మన వంతు పరీక్షలయ్యాక వస్తుంది. పిల్లల్ని రత్నాచల్ రైలెక్కించి, బసకు గది మాట్లాడి, అన్నం పెట్టే ఇల్లు వెతికి, ట్యూటర్‌ను తోడిచ్చి పంపాలి. ఎవరు ఎప్పుడు ఏ వార్డులో ఉండాలో చూపే మాస్టర్ రొటేషన్ చార్టు పోస్టింగుల మేడం గది గోడ నిండా ఉండేది. ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో రంగు పెన్సిలు. ఏ ఆసుపత్రి నుంచో "వచ్చే నెల కుదరదు" అని ఫోన్ వస్తే ఆవిడ రబ్బరు తీసుకుని ఓ మూల నుంచి చెరపడం మొదలుపెట్టేవారు. ఒక గడి మారితే చార్టంతా మారాలి.

ఒక ఏడాది అలాంటి ఫోన్ కూడా రాలేదు. ఉత్తరం వచ్చింది. బెజవాడలో మన పిల్లలు కాన్పుల వార్డుకు వెళ్లే ఆసుపత్రి, తన సొంత కాలేజీ మొదలవుతున్నందున ఇకపై బయటి విద్యార్థినులను తీసుకోదని రెండు వాక్యాల్లో రాసింది. ఏ ఆసుపత్రన్నది ఇప్పుడు అనవసరం. చివరి ఏడాది పిల్లల కేస్ బుక్కులు సగం ఖాళీగా ఉన్నాయి. ఆ పుస్తకంలో ఏముండాలో బయటివారికి తెలియదు కనుక చెబుతాను: 30 మంది గర్భిణుల పరీక్ష, స్వయంగా చేసిన సాధారణ కాన్పులు 20, బాలింతల సంరక్షణ 20, పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించినవి 5. ప్రతి దాని కింద సంతకం పడాలి. పడకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

కొందరు పెద్దలు ఒక దారి చూపించారు. పుస్తకాలు ఇంట్లో కూర్చుని నింపేయొచ్చట, చాలా చోట్ల జరిగేదే అదట. పెద్ద మేడం ఆ మాట విని లేచి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి ఆవిడా, పోస్టింగుల మేడమూ పల్లెవెలుగు బస్సుల్లో తిరిగారు. ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ, బందరు ఏదీ వదల్లేదు. కొన్నిచోట్ల సూపరింటెండెంటుగారు లేరు, సాయంత్రం రండి అన్నారు. కొన్నిచోట్ల తలకింత ఫీజు అన్నారు. ఒక పల్లె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సు, ముక్కుసూటి మనిషి, "పగలు మీ పిల్లలకు పనేముంది? నొప్పులు రాత్రే మొదలవుతాయి. రాత్రికి నలుగురిని పంపండి, నేను నేర్పుతా" అంది. పై అధికారి కాగితం ఆ తర్వాతే వచ్చింది. అలా నలుగురు ఇక్కడ, ముగ్గురు అక్కడ, రాత్రిళ్లు స్కూలు వ్యానులో దింపి తెల్లారి తెచ్చుకునేవాళ్లం. ఆ బ్యాచ్ పుస్తకాల్లో ఒక్క దొంగ సంతకం లేదు. చరిత్రలో రాయదగ్గది మనకు ఇదొక్కటే ఉన్నా చాలనుకుంటాను.

తర్వాత పదేళ్లు సజావుగా గడిచాయి. సీట్లు పెరిగాయి, హాస్టల్ మీద అంతస్తు పడింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పిల్లలు ఇళ్లకు వెళ్లారు. ఫోన్లలో పాఠాలు చెప్పాం, నాడి చూడడం ఫోన్లో ఎలా నేర్పాలో ఎవరికీ తెలియలేదు. 2021 మేలో చివరి ఏడాది వాళ్లను సీనియర్ల పర్యవేక్షణలో కోవిడ్ వార్డుల్లో వాడుకోవచ్చని కేంద్రం చెప్పినప్పుడు, ముందు భయపడ్డది తల్లిదండ్రులు. పిల్లలు భయపడ్డా వెళ్లారు.

దాతల పేర్లు వెనక పేజీల్లో ఉన్నా వాళ్ల దానాన్ని ఇక్కడ తలచుకోవడం ధర్మం. అస్థిపంజరం కొనిచ్చిన కంకిపాడు మిల్లు యజమాని, లైబ్రరీకి అయిదు బీరువాలిచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు దంపతులు, ప్రతి సంక్రాంతికి మెస్‌కు బియ్యం తోలించే రైతులు, ప్రసవం డమ్మీ పంపిన మన గల్ఫ్ పిల్లలు, జనరేటరు ఇచ్చిన మందుల షాపువారు, పేద పిల్లల పరీక్ష ఫీజులు కట్టి పేరు చెప్పొద్దన్న లాయరుగారు. అలాగే రాత్రి వ్యాను నడిపిన డ్రైవరు, ఇద్దరు వాచ్‌మన్లు, ఆయాలు, గొణుగుతూనే వేళకు అన్నం పెట్టిన వంటమ్మ, రికార్డులు చెదపట్టకుండా కాపాడిన గుమాస్తా. మరిచినవారు మన్నించాలి.

ఒక మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. కమిటీ వాళ్లు కొట్టేస్తే కొట్టేయనీ. ముందు హాల్లో పాలరాతి పలక మీద పదిహేడు పేర్లు చెక్కారు, పోస్టింగుల మేడం పేరు లేదు. ఆవిడ ఉద్యోగం చివరిదాకా తాత్కాలికమే. ఏడాదికోసారి పొడిగింపు కాగితం. పేరు వద్దన్నది ఆవిడ వినయం, పర్మనెంటు చేయకపోవడం మన పని. రెండూ ఒకటి చేసి మాట్లాడకండి.

ఇప్పటి ఇబ్బంది అప్పటికన్నా చిక్కుది. అప్పుడు వార్డు దొరకలేదు, ఇప్పుడు వార్డు దొరికినా సాధారణ కాన్పు దొరకడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం సిజేరియన్లే. చేతుల మీదుగా బిడ్డను అందుకోని పిల్లకు మంత్రసాని చదువు ఎక్కడ అబ్బుతుంది? డమ్మీ మీద ఎన్నిసార్లు చేయించినా అది అరవదు, చెయ్యి పట్టుకుని లాగదు. కొత్త ట్యూటర్లు మంచివాళ్లే. క్లాసు, వార్డు, కౌన్సిల్ తనిఖీ కాగితాలు అన్నీ వాళ్ల నెత్తినే ఉన్నాయి. పోస్టింగులకు విడిగా ఒక మనిషిని వేయమని, జీతం పర్మనెంటు స్కేలులో ఇవ్వమని, నేను దిగిపోయే ముందు పాలకమండలికి రాసిచ్చాను. మినిట్స్ పుస్తకంలో ఆ అంశం ఎదురుగా "పరిశీలనలో ఉంది" అని రాశారు. ఉత్సవాల బడ్జెట్ ఆమోదించిన సమావేశంలోనూ అదే మాట రాశారట.