నైలు విహారం: తెరచాప నుంచి క్రూయిజ్ దాకా

ఈజిప్టులోని లక్సర్‌లో ఎక్కి అస్వాన్‌లో దిగే నైలు క్రూయిజ్ ఇప్పుడు మూడు నాలుగు రాత్రుల ప్రయాణం. గాలి, ఆవిరి, ఆనకట్ట ఈ మూడూ కలిసి దానికి ఈ రూపం ఇచ్చాయి.

నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. గాలేమో ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. ఎగువకు పోవాలంటే తెరచాప ఎత్తాలి, దిగువకు రావాలంటే చాప దించి తెడ్లు వెయ్యాలి. అస్వాన్ గ్రానైటు రాళ్లు ఈ నీటిదారినే దేశమంతా చేరాయి. ఓపెట్ పండగకు కర్ణాక్‌లోని అమున్ దేవుణ్ణి మన తెప్పోత్సవంలాగే పడవ మీద లక్సర్ గుడికి తెచ్చేవారు. ఇన్ని గుళ్లు ఏటి ఒడ్డునే వెలిసింది అందుకే.

వాటిని చూడటానికే నది మీద వెళ్లడమూ పాత అలవాటే. క్రీ.శ. 130లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ పరివారంతో తీబ్స్ (నేటి లక్సర్) దాకా వచ్చాడు. వెంట వచ్చిన కవయిత్రి జూలియా బల్బిల్లా పద్యాలు అక్కడి మెమ్నాన్ విగ్రహం కాలి మీద నేటికీ ఉన్నాయి.

1798లో నెపోలియన్ సైన్యంతో పాటు పండితులు వచ్చారు. 1822లో షాంపోలియన్ చిత్రలిపి రహస్యం ఛేదించాడు. ఆ తర్వాత సంపన్న యూరోపియన్లు ‘దహబియా’ అనే తెరచాప పడవలను నెలల తరబడి అద్దెకు తీసుకోసాగారు. ఎలుకలు, పురుగులు చావాలని బయల్దేరే ముందు పడవను నీళ్లలో ముంచి తేల్చమని ఆనాటి గైడు పుస్తకాలు చెప్పేవి. 1873-74లో ఇంగ్లిష్ రచయిత్రి అమీలియా ఎడ్వర్డ్స్ ఇలాగే వాదీ హల్ఫా దాకా వెళ్లింది. శిథిలాల దుస్థితి చూసి చలించి, 1882లో ఈజిప్టు తవ్వకాల నిధి స్థాపనకు నడుం కట్టింది.

అప్పటికే ఆవిరి రంగంలోకి దిగింది. సూయజ్ కాలువ తెరిచిన 1869లోనే థామస్ కుక్ తన మొదటి బృందాన్ని స్టీమర్లలో నైలు మీద తిప్పాడు. గాలి కోసం ఎదురుచూపు పోయింది. ఏ రోజు ఏ గుడి చూడాలో ముందే ఖాయమైంది, నెలల ప్రయాణం దాదాపు మూడు వారాలకు దిగింది. గైడు, భోజనం, గది అన్నీ ఒకే టికెట్‌లో ఇచ్చే నేటి పద్ధతికి పునాది అదే. ఆ కంపెనీ స్టీమర్ ‘సూడాన్’ ఇప్పటికీ తిరుగుతోంది. అగాథా క్రిస్టీ 1937 నాటి నైలు నవలకు స్ఫూర్తి ఆ ఓడేనంటారు.

ఇక ఆనకట్టలు. 1902 నాటి పాత అస్వాన్ ఆనకట్టతో ఫిలే ఆలయం ఏటా చాలా నెలలు నీటిలో ఉండిపోయేది. యాత్రికులు స్తంభాల మధ్య పడవల్లో తిరిగేవారు. 1960లో హై డ్యామ్ పని మొదలవగానే ఆలయాలను ముంపు నుంచి కాపాడటానికి యునెస్కో పిలుపుతో దేశదేశాలు కదిలాయి. అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తున తిరిగి కట్టారు. ఫిలేను అగిల్కియా దీవికి చేర్చి 1980లో తెరిచారు. ఆ రోజుల్లోనే మన నాగార్జునకొండ కట్టడాలూ కృష్ణ నీటి నుంచి బయటపడి కొండపైకి చేరాయి. హై డ్యామ్ అడ్డంగా ఉంది కాబట్టే క్రూయిజ్ అస్వాన్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి అబూ సింబెల్‌కు సాధారణంగా రోడ్డు మీదనో విమానంలోనో వెళ్తారు.

దారిలో ఎస్నా లాకుల దగ్గర ఓడ వంతు కోసం ఆగుతుంది. చిన్న పడవల్లో వచ్చే వ్యాపారులు బట్టలు డెక్ మీదికే విసిరి బేరమాడతారు. ఎడ్ఫూలో హోరస్ గుడి పైకప్పుతో సహా నిలిచి ఉంది. కోమ్ ఓంబో గుడిలో సగం మొసలి దేవుడు సోబెక్‌ది, పక్కనే మొసలి మమ్మీల మ్యూజియం. ఎండ ముదరక ముందే గుడికి చేరాలి కాబట్టి తెల్లవారుజామున లేవక తప్పదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం అనుకూలం.

ఓడలో ఈతకొలను ఉందా లేదా అన్నది తర్వాత. ఒక్కో గుడి దగ్గర ఎంతసేపు ఆపుతారో ముందు అడిగి, ఎక్కువసేపు ఆపే ఓడకే టికెట్ కొనండి.