ధర నేర్పిన చదువు: తెలుగునాట బటన్ల ఫోన్ చరిత్ర

తెలుగునాట చదువు వ్యాపించిన తీరును రాసినవారు వీధిబడులను, రాత్రిబడులను, గ్రంథాలయోద్యమాన్ని, 1990 దశకం తొలి ఏళ్ళలో నెల్లూరు, చిత్తూరు వంటి జిల్లాలలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాన్ని శ్రద్ధగా నమోదు చేశారు. ఆ ఉద్యమం సద్దుమణిగిన కొన్నేళ్ళకు, ఏ బడీ ఏ వాచకమూ లేకుండా, కోట్లాది మంది వయోజనులు బటన్ల సెల్‌ఫోన్‌ను వాడడం నేర్చుకున్నారు. ఫోన్ ఎత్తడం, పెట్టేయడం, నంబరు కొట్టడం, నంబరు దాచుకోవడం, బ్యాలెన్స్ చూసుకోవడం అనే ఈ అయిదారు పనులు ఈనాటి పిల్లలకు పనులుగానే కనబడకపోవచ్చు గాని, అంతకుముందు తమ చేతితో ఏ ఫోన్‌లోనూ ఒక్క అంకె కూడా నొక్కని తరానికి అవి నిజమైన చదువే. ఆ చదువులో ముందు ఏ పాఠం రావాలో, తరువాత ఏది రావాలో నిర్ణయించింది ఫోన్ తయారీదారులు కారు. నిమిషానికి పడే ధరే ఆ వరుసను నిర్ణయించింది.

సెల్‌ఫోన్‌కు ముందటి స్థితిని గమనిస్తే ఈ మాట స్పష్టపడుతుంది. 1984లో సీ-డాట్ అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఏర్పడి, గ్రామాలకు తగిన చిన్న ఎక్స్ఛేంజీలను దేశంలోనే రూపొందించిన తరువాత, ఎస్‌టీడీ బూత్‌లు తెలుగు పల్లెలకు, బస్టాండ్లకు చేరాయి. ఎస్‌టీడీ అంటే ఆపరేటరు సాయం లేకుండా పై ఊరికి నేరుగా నంబరు తిప్పుకునే సౌకర్యం. అయితే పేరుకు నేరుగా తిప్పుకునేదే అయినా, చాలామంది విషయంలో నంబరు తిప్పింది బూత్ యజమానే. వచ్చినవారు నంబరు రాసిన కాగితం ముక్క అందించి, ఆయన కలిపి ఇచ్చిన రిసీవర్‌ను చెవికి ఆనించుకుని, మీటరుపై పెరిగే అంకెలను చూస్తూ రెండు మాటలు గబగబా చెప్పి పెట్టేసేవారు. రాత్రి పొద్దుపోయాక ధర తగ్గేది గనుక ఆ వేళకు బూత్‌ల ముందు జనం గుమిగూడేవారు. అంటే ఆ తరానికి ఫోన్‌లో మాట్లాడడం తెలుసు, ఫోన్‌ను నడపడం తెలియదు.

భారతదేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జులై 31న కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో జరిపినది.  ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో, అంటే ఒక లైసెన్సు చెల్లుబాటయ్యే ప్రాంతంలో, మొదట టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ అనే రెండు ప్రైవేటు సంస్థలు సేవలు అందించాయి. ఆనాడు దేశంలో మాట్లాడే ధర నిమిషానికి పదహారు రూపాయల దాకా ఉండేది. పైగా వచ్చిన కాల్‌ను ఎత్తినందుకు కూడా డబ్బు చెల్లించవలసి వచ్చేది. ఈ రెండో షరతే తొలి పాఠాన్ని నిర్ణయించింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వ్యాపారులు, గుత్తేదారులు, డాక్టర్లు మొదట నేర్చుకున్నది ఫోన్ ఎత్తడం కాదు, ఎత్తకుండా ఉండడం: తెరపై నంబరు చూసి, కాల్‌ను వదిలేసి, దగ్గరలోని మామూలు ఫోన్ నుంచి తిరిగి చేయడం. ఎవరు చేశారో ముందే కనబడడం అప్పటివరకు మామూలు ఫోన్లలో దాదాపు ఎరగని విషయం. సెల్లు అలవాటు చేసిన తొలి చదువు ఆ పది అంకెలను చూసి మనిషిని గుర్తుపట్టడమే.

1999 నాటి నూతన టెలికాం విధానం స్థిరమైన లైసెన్సు రుసుము స్థానంలో ఆదాయంలో వాటా పద్ధతిని తెచ్చి, సంస్థలకు ధరలు తగ్గించే వెసులుబాటు కల్పించింది. 2002 అక్టోబరులో ప్రభుత్వ రంగ సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్ సెల్ సేవలు మొదలయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో రిలయన్స్ సంస్థ సేవలు ప్రకటించి, 2003లో 501 రూపాయలు కట్టించుకుని ఫోన్ చేతికిచ్చే పథకంతో మధ్యతరగతి ఇళ్ళలోకి ప్రవేశించింది. వీటన్నిటికంటె ముఖ్యమైన మార్పు 2003 మే 1న అమలులోకి వచ్చింది: ఆ రోజు నుంచి కాల్ చేసినవారే డబ్బు చెల్లించాలి, ఎత్తినవారికి ఖర్చు లేదు. తెలుగు పల్లెల్లో సెల్‌ఫోన్ చరిత్ర నిజానికి ఈ తేదీతోనే మొదలవుతుందని చెప్పవచ్చు. ఫోన్ చేతికి వస్తే చాలు, ఎత్తడం ఉచితం. అందువల్ల పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు తాను కొత్తది కొనుక్కుని, పాతదాన్ని ఊళ్ళో తల్లికి ఇచ్చి వెళ్ళే అలవాటు పుట్టింది. ఆ తల్లికి అతడు నేర్పవలసింది ఒక్కటే: మోగితే ఏ మీట నొక్కాలి?

ఆ ప్రశ్నకు సమాధానం ఫోన్‌ను బట్టి మారేది. 2003లో వచ్చిన నోకియా 1100లో ఎత్తడానికీ పెట్టేయడానికీ వేర్వేరు మీటలు లేవు. తెర కింద నడిమధ్య ఒకే పెద్ద మీట ఉండి, తెరపై అక్షరాలలో వచ్చే సూచనను బట్టి దాని పని మారుతూ ఉండేది. రిలయన్స్‌తో వచ్చిన ఫోన్లలోను, తరువాతి నోకియా నమూనాలలోను ఎత్తడానికి పచ్చ బటన్, పెట్టేయడానికి ఎర్ర బటన్ విడివిడిగా ఉన్నాయి. చదువు రానివారికి ఈ రెండో పద్ధతే సుళువు, ఎందుకంటే రంగుకు అక్షరం అక్కరలేదు. అయినా 1100 పల్లెల్లో నిలిచింది. దుమ్ము లోపలికి పోని రబ్బరు కీప్యాడ్, చెమట చేతిలో జారని అంచులు, పైభాగాన టార్చి లైటు దానికి ఉన్నాయి. ప్రపంచమంతటా ఇరవై అయిదు కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోన్ అది. వ్యవసాయ మోటార్లకు వంతులవారీగా, తరచు రాత్రిపూట కరెంటు వచ్చే ప్రాంతాలలో ఆ లైటు విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. నంబరు కొట్టడం ఇంకా రాని రైతులు సైతం సీ అనే అక్షరమున్న మీటను అదిమిపట్టి లైటు వేయడం నేర్చారు.

కీప్యాడ్ లాక్ అనేది మరో పాఠం. జేబులో ఉండగా మీటలు వాటంతట అవి నొక్కుకుపోకుండా తాళం వేసే ఏర్పాటు ఇది. నోకియా 1100లో మధ్య మీట, ఆ వెంటనే స్టార్ మీట నొక్కితే తాళం పడుతుంది, అదే వరుసలో నొక్కితే తీయవచ్చు. మోగుతున్న ఫోన్‌ను ఎత్తడానికి తాళం తీయనక్కరలేదు, కాల్ చేయడానికి మాత్రం తీయాలి. ఎత్తడం ఒక్క రోజులో వచ్చి, చేయడం వచ్చేందుకు నెలలు పట్టడానికి ఈ చిన్న భేదం కూడా కొంత కారణమని భావించవచ్చు.

ఇక కాల్ చేయడానికి నొక్కవలసిన అంకెల అమరికకు దూరదేశపు చరిత్ర ఉంది. పై వరుసలో ఒకటి, రెండు, మూడు, అట్టడుగున సున్నా ఉండే క్రమాన్ని అమెరికాలోని బెల్ పరిశోధనాశాల అనేక అమరికలను మనుషులపై పరీక్షించి ఎంచుకుంది. అక్కడి ఫోన్లలో 1963లో అది ప్రజల వాడుకకు వచ్చింది, స్టార్, హ్యాష్ మీటలు 1968లో చేరాయి. నడిమధ్య ఉన్న అయిదు అంకెపై వేలికి తగిలే చిన్న బొడిపె, చూడకుండానే మిగతా అంకెల చోటు తెలుసుకోవడానికి ఉద్దేశించినది. చూపులేనివారికి మేలుచేసే ఆ బొడిపె, అంకెను రూపంతో కాక చోటుతో గుర్తుపెట్టుకున్న నిరక్షరాస్యులకూ ఆసరా అయింది.

తిరిగి ధర దగ్గరకు వస్తే, 2003 తరువాతి దశాబ్దపు ప్రధాన విద్య మిస్డ్ కాల్. అవతలివారు ఎత్తేలోపు రింగు ఆపేసి, తన నంబరు వారి తెరపై మిగిల్చి, వారే తిరిగి చేసేలా చూడడం దాని పద్ధతి. ఒక రింగు ఇస్తే ఇంటికి చేరినట్టు, రెండు ఇస్తే తిరిగి చేయమన్నట్టు కుటుంబాలు, స్నేహితులు తమలో తాము ఒప్పందాలు ఏర్పరచుకున్నారు. ఇది తేలికగా కనిపించే పనే గాని, దానికి కావలసిన నైపుణ్యం తక్కువది కాదు: రింగు అవతల మోగిందని చెవితో పసిగట్టాలి, ఎత్తకముందే ఎర్ర బటన్ నొక్కాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే నిమిషం ధర పోతుంది. ప్రీపెయిడ్‌లో, అంటే ముందుగా డబ్బు వేయించుకునే పద్ధతిలో, మిస్డ్ కాల్ ఇవ్వడానికి కూడా కొంత బ్యాలెన్స్ మిగిలి ఉండాలి గనుక, ఆ చివరి రూపాయిని మాట్లాడి పోగొట్టుకోకుండా కాపాడుకోవడం కూడా ఈ విద్యలో భాగమే. నిమిషాన్ని ఒక పల్స్‌గా, అంటే విడదీయరాని లెక్కగా, వసూలు చేసిన రోజులలో యాభై తొమ్మిది సెకన్లకూ ఒక సెకనుకూ ఒకే ధర. తెరపై సెకన్లను చూస్తూ అరవై కాకముందే పెట్టేయడం జనం అలాగే నేర్చుకున్నారు. 2009లో టాటా డొకోమో సెకనుకు ఒక పైసా పద్ధతి తేవడం, మిగతా సంస్థలు దాన్ని అనుసరించడంతో ఆ నైపుణ్యానికి కాలం చెల్లింది. నిరుపేదలు దీర్ఘంగా మాట్లాడుకోవడం నేర్చుకున్నది ఆ తరువాతనే.

అన్నిటికంటె కష్టమైన పాఠం నంబరు దాచుకోవడం. దాన్నే జనం ఫీడ్ చేయడం అన్నారు. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 60.47 శాతం, స్త్రీలలో 50.43 శాతం. అందులోనూ ఆంగ్ల అక్షరాలు కూడబలుక్కోగలిగినవారు మరీ తక్కువ. ఫోన్ పుస్తకమేమో పేర్లను ఆంగ్ల అక్షరక్రమంలోనే పేర్చేది. చదువు రానివారు దీనికి తమవైన మార్గాలు కనిపెట్టారు. కిందికి మూడుసార్లు నొక్కితే పెద్దకొడుకు, అయిదుసార్లు నొక్కితే ఆడపడుచు అని లెక్కతో గుర్తుపెట్టుకున్నారు. నడుమ ఎవరైనా కొత్త పేరు చేరిస్తే ఆ లెక్క మొత్తం తప్పిపోయేది. దీనికి విరుగుడుగా పిల్లలు స్పీడ్ డయల్ పెట్టి ఇచ్చారు. ఒక అంకెను అదిమిపడితే దానికి కేటాయించిన నంబరుకు కాల్ వెళ్ళే ఏర్పాటు అది. ఒకటో మీట సాధారణంగా వాయిస్ మెయిల్‌కు, అంటే మాటను రికార్డు చేసి ఉంచే సేవకు, పోయేది గనుక కుటుంబం రెండుతో మొదలయ్యేది. ఇంకొందరు నంబరు చివరి రెండు మూడు అంకెల ఆకారాన్ని బట్టి మనిషిని పోల్చుకున్నారు. జ్ఞాపకశక్తితో, లెక్కతో, వరుసతో నడిచిన ఈ పద్ధతులను అజ్ఞానంగా జమకట్టడం పొరపాటు. అక్షరాలు తెలిసినవారి కోసం తయారైన యంత్రాన్ని అక్షరాలు లేకుండా లొంగదీసుకున్న తెలివి అది.

నేర్పిన గురువులు ప్రధానంగా ఇద్దరు: ఇంట్లో బడికి పోయే పిల్లలు, వీధిలో రీఛార్జి కొట్టువారు. పిల్లలు పెద్దలకు, మనుమరాళ్ళు నాయనమ్మలకు పాఠం చెప్పడం అంతవరకు తెలుగిళ్ళలో అరుదైన విషయం. రీఛార్జి కార్డుపై వెండిరంగు పూతను నాణెంతో గీకి, బయటపడిన పొడవాటి అంకెల వరుసను తప్పులేకుండా కొట్టి పంపడం చాలామందికి సాధ్యం కాక, ఆ పని కొట్టువారే చేసేవారు. తరువాత కార్డు లేకుండా నేరుగా బ్యాలెన్స్ వేసే పద్ధతి వచ్చాక, వినియోగదారుకు తన నంబరు తాను చెప్పడం తప్పనిసరి అయింది. సొంత నంబరును కంఠతా పట్టడమో, ఫోన్ వెనక మూత లోపల చీటీపై రాయించి పెట్టుకోవడమో అప్పుడే అలవాటయింది. కొట్టువారి సేవకు విడిగా వేతనం లేదు, రీఛార్జిపై దక్కే స్వల్ప కమీషన్ తప్ప. తెలుగునాట వయోజన విద్యకు వారు చేసిన దోహదం తగిన ప్రశంసకు నోచుకోకపోవడం అన్యాయం.

గల్ఫ్ వలసలున్న కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలలో ఈ చదువుకు ప్రత్యేకమైన తొందర ఉండేది. అంతకుముందు ఆ కుటుంబాలు ఉత్తరాలతోను, మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్లతోను, ఊరి బూత్‌కు వచ్చే పిలుపుతోను సరిపెట్టుకున్నాయి. సెల్లు చేతికి వచ్చాక ఇంట్లో ఉన్నవారు తెరపై 971 కనబడితే దుబాయి, 966 అయితే సౌదీ, 965 అయితే కువైట్ అని పోల్చుకోవడం నేర్చారు. దేశసంకేతానికి ముందు రావలసిన ప్లస్ గుర్తు కోసం నోకియాలో స్టార్ మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలన్న కిటుకు కూడా ఈ ఇళ్ళకు మిగతావారికంటె ముందే తెలిసింది.

మెసేజ్ విషయంలో మాత్రం ఈ చదువు ఓడిపోయిందని ఒప్పుకోవాలి. ఎస్సెమ్మెస్ అనే పొట్టి సందేశంలో ఆంగ్ల అక్షరాలైతే 160 పడతాయి; తెలుగు వంటి లిపులు యూనికోడ్ అనే అంతర్జాతీయ లిపి సంకేత పద్ధతిలో ఎక్కువ చోటు తీసుకోవడం వల్ల 70కి మించి పట్టవు. చాలా చౌక ఫోన్లలో తెలుగు లిపే లేక, వచ్చిన తెలుగు సందేశం డబ్బాలుగా కనబడేది. అందువల్ల చదువుకున్నవారు తెలుగును ఆంగ్ల అక్షరాలలో రాయడానికి అలవాటుపడ్డారు. తెలుగు మాత్రమే చదవగలవారు, అక్షరాస్యతా ఉద్యమకాలంలో పలకపట్టి అక్షరాలు దిద్దిన స్త్రీలతో సహా, ఫోన్ ముందు నిరక్షరాస్యులతో సమానమైపోయారు. అంతకు పదేళ్ళ ముందు ఎంతో శ్రమతో సంపాదించుకున్న అక్షరం ఆ యంత్రంలో చెల్లలేదు. 2016లో గాని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశం ద్వారా ప్రతి ఫోన్‌లోనూ అధికారిక గుర్తింపు ఉన్న భారతీయ భాషలన్నీ చదవగలిగేలా ఉండాలన్న నియమం రాలేదు. అది రెండు దశాబ్దాల ఆలస్యం.

దీనికి భిన్నంగా, మూడంకెల నంబర్లు బాగా విజయం సాధించాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అత్యవసర వైద్య సేవను పిలవడానికి అక్షరం, పేరు, వరుస ఏదీ అక్కరలేదు, డబ్బు అక్కరలేదు, మూడు అంకెల చోటు తెలిస్తే చాలు. తమంత తాము నంబరు కొట్టడానికి జంకే వృద్ధులకు పిల్లలు ముందుగా నేర్పదగిన అంకెలు అవే. ఆ తరువాత, 2017 నుంచి అమ్మే బటన్ల ఫోన్లలో అయిదు లేదా తొమ్మిది అంకెను అదిమిపడితే అత్యవసర పిలుపు పోవాలన్న నిబంధన వచ్చింది. ఇంటర్నెట్ లేకుండా అంకెలతోనే బ్యాంకు ఖాతా చూసుకునే *99# సేవ 2014 ఆగస్టులోను, బటన్ల ఫోన్ నుంచి డబ్బు పంపే యూపీఐ 123పే సేవ 2022 మార్చిలోను దేశమంతటికీ అందుబాటులోకి వచ్చాయి.

టచ్ ఫోన్లు వచ్చాక బటన్ల ఫోన్ చదువు చాలా ఇళ్ళలో మరుగున పడింది. దానితోపాటు నంబర్లు రాసుకున్న చిన్న పుస్తకాలు, గీకిన రీఛార్జి కార్డులు, మూత లోపలి చీటీలు చెత్తబుట్ట పాలవుతున్నాయి. నేర్చుకున్న నాయనమ్మలు, నేర్పిన కొట్టువారు చాలామంది ఇంకా ఉన్నారు. జిల్లా గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలు ఆలస్యం చేయకుండా ఈ వస్తువులను సేకరించి, ఆ మనుషుల మాటలను వారి సొంత గొంతుతోనే రికార్డు చేసి భద్రపరచాలి.