ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం (గుంటూరు)

గుంటూరు కేంద్రంగా 1927లో ఏర్పడిన ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘం. వాడుకలో ఏఈఎల్‌సీ. దీని మూలాలు 1842 జులై 31 నాటివి. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన బోధకుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ ఆ రోజున గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. హేయర్ ఆరాధనతో పాటే బడులూ మొదలుపెట్టాడు, తర్వాత పల్నాడుకూ వెళ్లాడు. 1885లో ఆరంభమైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఆ బడుల కొనసాగింపే.

అయితే క్రైస్తవేతరుల ఇళ్లలోకి ఈ సంఘం పేరు చేరింది ప్రసంగాల వల్ల కన్నా వైద్యం వల్లనే. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ మొదట చిన్న మందులశాల నడిపి, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. ఆడవాళ్లు పరపురుషుడైన వైద్యుడికి చెయ్యి చూపించుకోని కాలంలో ఆడ డాక్టరు దొరకడం చిన్న సంగతి కాదు. అన్ని కులాలవారూ వచ్చేవారు. రోగుల వెంట వచ్చే హిందూ బంధువులు దిగడానికి ఏలూరు జమీందారు ఆసుపత్రికి ఎదురుగా సత్రం కట్టించాడు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రిని ఊరివాళ్లు ఆమె పేరుతోనే కుగ్లర్ ఆసుపత్రి అంటారు.