నెల్లూరు కుండలో రోమ్ బంగారం

1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. అది శిథిలమైన చిన్న గుడి. దాని కింద ఒక చిన్న కుండ, అందులో రోమన్ నాణేలు. పాత బంగారం ధరకు అమ్ముడై అవి చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమ్రా చేతికి చేరిన ముప్పై పైచిలుకు మాత్రం దక్కాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి వివరంగా ఉత్తరం రాశాడు. కరిగిపోయిన నాణేలతో ఎంత చరిత్ర పోయిందో ఊహించుకోవలసిందే.

ఆ నాణేల్లో రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫాస్టినాలవి ఎక్కువ. రోమన్ బంగారు నాణెం పేరు ఆరియస్. బొమ్మ వైపు సాధారణంగా లారెల్ ఆకుల దండ ధరించిన చక్రవర్తి తల, చుట్టూ లాటిన్ అక్షరాలు ఉంటాయి. మాటల మధ్య తరచుగా ఎడం ఉండదు, బిరుదులన్నీ పొడి అక్షరాల్లోకి కుదించి ఉంటాయి. నాణెం ఎవరిదో తేల్చడానికి ముఖపోలిక కంటే ఈ బిరుదులే నమ్మదగినవి. బిరుదుల్లో ఒకటైన ట్రిబ్యూన్ అధికారం చక్రవర్తికి ఏటా కొత్తది అయ్యేది కాబట్టి దాని పక్కన అంకె ఉంటే ముద్రించిన సంవత్సరమే తెలుస్తుంది. ఆంటోనినస్ పయస్ భార్య ఫాస్టినా పేరు ముందు ‘దివా’ అని ఉంటే అది ఆమె మరణం తర్వాతి ముద్ర.

కాలం తేల్చడానికి తూకం రెండో సాక్ష్యం. అగస్టస్ కాలపు ఆరియస్ దాదాపు 7.8 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో దాన్ని 7.3కు, 215లో కారకల్లా సుమారు 6.5కు తగ్గించారు. కాన్‌స్టాంటైన్ తెచ్చిన సాలిడస్ నాలుగున్నర గ్రాములే. ఒక కుప్పలో అన్నిటికంటే కొత్త నాణెం ఆ కుప్పను ఎప్పటి తర్వాత పాతిపెట్టారో చెబుతుంది. ఉదాహరణకు పల్నాడులోని వినుకొండ కుప్పలో టైబీరియస్ నుంచి కారకల్లా వరకు నాణేలు ఉన్నాయి.

మన నేల వేసిన గుర్తులూ చూడాలి. నెల్లూరు నాణేల్లో కొన్ని టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు మెరిసేవి, కొన్ని అరిగిపోయి చిల్లులు పడ్డవి. చిల్లులున్నవి మెడలోనో దండచేతికో ధరించినవి. కాసులపేరు ఎరిగిన తెలుగువారికి ఇది వింత కాదు. 1898లో పుదుక్కోట్టైలో దొరికిన 501 నాణేల్లో అత్యధికం చక్రవర్తి తలమీద గాటుతో ఉన్నాయి. ఇక్కడే తయారైన అనుకరణల్లో లాటిన్ అక్షరాలు అర్థం లేని గీతలుగా మారాయి.

ఉత్తరాన దొరికే రోమన్ నాణేలను కుషాణుల దీనారాలుగా పొరబడవచ్చు. వాటి తూకమూ దాదాపు ఎనిమిది గ్రాములే. అయితే కనిష్కుడి నాణెంపై పొడవాటి కోటుతో నిలబడి వేదికపై ఆహుతి వేస్తున్న రాజు ఉంటాడు, చాలావరకు గ్రీకు లిపిలో బాక్ట్రియన్ భాష ఉంటుంది. కుషాణుల బంగారాన్ని ఢిల్లీ జనపథ్‌లోని నేషనల్ మ్యూజియం సేకరణలో చూడవచ్చు. రోమన్, కుషాణ నాణేలు ఒకే కాలంలో చేతులు మారాయనడానికి ఆఫ్ఘనిస్తాన్‌లోని జలాలాబాద్ దగ్గరి అహిన్ పోష్ స్తూపం రుజువు: 1879లో అక్కడ డొమిషియన్, ట్రాజన్, సబీనాల నాణేలు కుషాణ బంగారంతో కలిసి బయటపడ్డాయి.