స్థపతి కల్పన – గృహస్థుని వాడుక

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత వినబడని తెలుగిల్లు లేదు. అందు వ్యయప్రయాసలను గూర్చిన మాట పైకి కనబడుచుండగా, లోతైన మాట మఱియొకటి కలదు. కట్టి చూచిన గాని ఇంటి గుణదోషములు తెలియవు. కాగితముపై గీసిన ఇల్లు ఎంత సుందరమైనను, తొలకరి వాన కురిసిన నాడు, పసిబిడ్డ జ్వరముతో పండుకొన్న నాడు, పదిమంది చుట్టములు దిగిన నాడు దాని నిజస్వరూపము బయటపడును. స్థపతులు, అనగా నేటి వాడుకలో ఆర్కిటెక్టులు, కల్పించిన గృహముల సౌందర్యమును, వాటియందు కాపురము చేసినవారి ఇక్కట్లను చరిత్ర దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు విషయము. నేతపనికై తెలంగాణము నుండి వచ్చి భీవండిలో స్థిరపడిన తెలుగువారికి ఇది కేవలము పాండిత్య వినోదము గాదు. పాత ఇల్లు తీసి క్రొత్తది కట్టుకొను కాలము ప్రతి కుటుంబమునకును ఏదో ఒకనాడు వచ్చును. ఆనాడు స్థపతిని ఏమి అడుగవలెనో ముందే తెలిసియుండుట మేలు.

భారతదేశమున స్థపతి క్రొత్తవాడు కాడు. మయమతము మొదలగు వాస్తుగ్రంథములు స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అని నలుగురు శిల్పులను పేర్కొనుచున్నవి. పనినంతటిని మనస్సున నిలుపుకొని నడిపించువాడు స్థపతి. అయినను వాని నైపుణ్యము ముఖ్యముగా దేవాలయములకును రాజభవనములకును వినియోగపడినది. సామాన్యుని ఇంటిని ఊరి మేస్త్రియు, వడ్రంగియు, ఇంటి యజమానియు కలిసి కట్టెడివారు. తన పనికి ఎంత చోటు కావలెనో గృహస్థుడు చెప్పెడివాడు. గోడ ఎట్లు నిలుచునో మేస్త్రి చెప్పెడివాడు. ఈ రెండు తెలివిడుల కలయికయే మన పాత ఇండ్లకు ఆధారము.

తెలంగాణములోని నేతవాని ఇల్లు ఇందుకు చక్కని నిదర్శనము. గుంటమగ్గము ఇంటి లోపలి నేలలోనే అమర్పబడియుండును. నేతగాడు గుంట అంచున కూర్చుండి, కాళ్ళు గుంటలోనికి దింపి, త్రొక్కుచు నేయును. నేలలోని చెమ్మ నూలుపోగు తెగకుండ కాపాడును. కావున అక్కడి మట్టినేల దారిద్ర్యమునకు గుర్తు గాదు. అది మగ్గము వలెనే ఒక పనిముట్టు. ప్రక్కనే ఆడువారు రాట్నముపై కండెలు చుట్టెడివారు. పడుగు పొడవు ఇంటిలో పట్టదు గనుక, దానిని సాచి గంజి పట్టించు పనికి వీధియే చావడి యయ్యెడిది. ఇంటికిని వీధికిని నడుమ నుండు అరుగు కూర్చుండుటకే గాక పనికిని పనికివచ్చెడిది. ఏ స్థపతియు గీయని ఈ ఇంటిలో పని, కాపురము, ఇరుగుపొరుగు అను మూడును ఇమిడియుండెను.

అయినను పాతదంతయు మేలని తలచుట పొరపాటు. పోగునకు మేలు చేసిన చెమ్మ నేతగాని కీళ్ళకు మేలు చేయలేదు. చాలని వెలుతురులో కన్నులు అలసెడివి. వానకాలమున వీధిలో పడుగు సాచుటకు వీలుగాక పని నిలిచిపోయెడిది. పని తెలిసిన ఇల్లే గాని, ఆరోగ్యము తెలిసిన ఇల్లు గాదు. ఈ కొఱత తీర్చుటకే శాస్త్రము తెలిసినవాని అవసరము కలదు. కాని శాస్త్రము తెలిసినవారు కట్టిన ఇండ్ల చరిత్రయు ఇక్కట్లు లేనిది కాదు.

ముందుగా మన తెలుగునేలపై వెలసిన ఒక మహాభవనమును చూతము. హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్రాసాదమును నవాబు వికారుల్ ఉమ్రా తన నివాసముగా 1884లో ఆరంభించెను. దానిని కల్పించినవాడు విలియం వార్డ్ మారెట్ అను ఆంగ్ల స్థపతి. కొండపై తేలు ఆకారమున పఱచుకొన్న ఆ భవనమునకు ఇటలీ నుండి పాలరాయి తెచ్చిరి. దాని అందమును గూర్చి రెండవ మాట లేదు. కాని నిర్మాణ వ్యయము యజమానికి మోయరాని భారమయ్యెను. పందొమ్మిదవ శతాబ్ది ముగియక మునుపే అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వశమయ్యెను. ఆ ప్రభువు 1911లో ఆ ప్రాసాదముననే మరణించెను. తరువాత చాలకాలము వాడుక తగ్గియుండి, 2010లో అది హోటలుగా తెఱవబడినది. కట్టుట ఒక ఖర్చు, పోషించుట మఱియొక ఖర్చు. అందమునకు ఏటేట కట్టవలసిన ఈ పన్నును స్థపతి గీసిన పటము చూపదు.

ఇరువదవ శతాబ్దిలో ఇనుము, కాంక్రీటు, గాజు చేతికి వచ్చిన పిదప స్థపతుల కల్పనకు హద్దులు సడలినవి. తరువాతి కాలమున మన చండీగఢ్ నగరమునకు రూపకల్పన చేసిన లె కార్బూజియే, పారిస్ సమీపమున పొయాసీలో సావోయ్ కుటుంబము కొఱకు ఒక ఇల్లు కట్టెను. అది 1931లో పూర్తియైనది. సన్నని స్తంభములపై తేలుచున్నట్లుండు తెల్లని రూపము, గోడ పొడవున సాగిన కిటికీలు, చదునైన కప్పు, మేడమీద తోట - ప్రపంచమునందలి స్థపతులందఱు దానిని పాఠముగా చదివిరి. కాని ఆ ఇల్లు వానకు కారెను. ఇల్లాలు స్థపతికి ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసి, 1937లో ఆ ఇల్లు నివాసయోగ్యము గాదని తేల్చిచెప్పెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ కుటుంబము ఇల్లు విడిచిపోయినది. 2016లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. నేడు దానిని చూచువారు వేలకొలది. అందు కాపురమున్నవారు లేరు.

ఆ స్థపతియే బోర్డో నగర సమీపమున పెస్సాక్‌లో, ఫ్రుజే అను పారిశ్రామికుని కొఱకు, 1926 నాటికి ఏబదికి పైగా చిన్న ఇండ్లు కట్టించెను. అచట నివసింప వచ్చినవారు ఊరకుండలేదు. కొందఱు చదును కప్పులపై వాలు కప్పులు వేసిరి. కొందఱు వెడల్పు కిటికీలను కుదించిరి. కొందఱు తెఱపి మేడలను గదులుగా మార్చిరి. ఫిలిప్ బూడోన్ అను పరిశోధకుడు ఈ మార్పులన్నిటిని పరిశీలించి 1969లో గ్రంథముగా ప్రకటించెను. ఇట్టి మార్పులను చెడగొట్టుటగా గాక, గృహస్థులు స్థపతికి ఇచ్చిన సాక్ష్యముగా చదువుట న్యాయము.

ఇవన్నియు కలవారి ముచ్చటలు, శ్రామికునకు వీటితో పని యేమి అని కొందఱు అడుగవచ్చును. బొంబాయి చరిత్ర అందుకు బదులు చెప్పును. 1920లో బొంబాయి ప్రభుత్వము డెవలప్‌మెంట్ డిపార్టుమెంటును స్థాపించి, శ్రామికుల కొఱకు 50,000 గదులు కట్టదలచినది. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్డీ ప్రాంతములలో 207 చాళ్ళు లేచినవి. గదులు పదునాఱువేలకు పైగా తయారైనవి. పథకము అంతటితో ఆగినది. ఒక్కొక్క కుటుంబమునకు 160 చదరపు అడుగుల గది. ఖర్చు తగ్గించుటకు కిటికీలకు బదులు కాంక్రీటు పలకలు అమర్చిరి, వెలుతురు తగ్గెను. అద్దె, దూరము, చీకటి కలిసి చాల గదులు తొలి సంవత్సరములలో ఖాళీగా నుండెను. ఇచట సౌందర్యము స్థపతిని దారి తప్పించలేదు. లెక్క దారి తప్పించినది. అయినను కాలక్రమమున, తెలుగు నేతపనివారితో సహా ఎన్నో ప్రాంతములవారు వర్లీ చాళ్ళలో చేరి, ఇరుకు గదులకు బయట నున్న నడవలను, ముంగిళ్ళను తమ ఊరి అరుగులుగా మార్చుకొనిరి. శతాబ్దము గడచిన పిదప నేడు ఆ చాళ్ళ స్థానమున ఎత్తైన భవనములు లేచుచున్నవి. గది పెరుగుచున్నది, అరుగు ఏమగునో చూడవలసియున్నది.

అరుగును మఱువని స్థపతి యొకడు మన నడుమనే యుండెను. చార్లెస్ కొరియా 1930లో సికిందరాబాదున జన్మించెను. 1970 నుండి 1975 వరకు నవీ ముంబయికి ప్రధాన స్థపతిగా పనిచేసెను. ఎండ, వాన, గాలి తెలిసి ఇల్లు గీయవలెననియు, ఆకాశము కనబడు తెఱపి చోటు పేదవానికి మఱియొక గది వంటిదనియు ఆయన నమ్మకము. భీవండి వలెనే ఠాణె జిల్లాలోనిదగు బేలాపూర్‌లో, సిడ్కో సంస్థ కొఱకు 1983–86 నడుమ ఆయన కట్టించిన కాలనీ ‘ఆర్టిస్ట్స్ విలేజ్’ అని పేరుపొందినది. ఏడేసి ఇండ్లు ఒక ముంగిలి చుట్టు. అట్టి మూడు గుంపులు కలిసి మఱింత పెద్ద ముంగిలి చుట్టు - ఈ విధముగా ఊరు పెరుగును. స్థలములన్నియు సుమారు 45 నుండి 75 చదరపు మీటర్ల లోపు గనుక, కలవానికిని లేనివానికిని నడుమ అంతరము స్వల్పము. ఒకరి గోడ మఱియొకరికి తగులదు. కావున ఎవరి ఇంటిని వారు తమ శక్తికొలది పెంచుకొనవచ్చును. ఊరి మేస్త్రి కట్టగల, మార్చగల పద్ధతిలోనే వాలు పెంకుల కప్పులతో ఆ ఇండ్లు రూపొందినవి.

నలుబది ఏండ్లు గడచిన పిదప అచట కనబడునదేమి? చాలమంది తొలి ఇండ్లను పడగొట్టి, ఆ స్థానమున కాంక్రీటు మేడలు కట్టుకొనిరి. కుటుంబము పెరిగినప్పుడు చిన్న స్థలముపై ఇల్లు ప్రక్కకు గాక పైకే పెరుగవలెను. పెంకుల కప్పు అందుకు ఒప్పదు. అందఱిదియు నగు ముంగిలిని ఎవరు ఊడ్వవలె, ఎవరు బాగుచేయవలె నను ప్రశ్న ఏ పటములోను లేదు. దీనిని కొందఱు ఓటమి యందురు. కాని గృహస్థుడు మార్చుకొనుటకు వీలుండవలెనని కోరినవాడు స్థపతియే గదా! ఇండ్లు మారినను ముంగిళ్ళ అమరిక ఊరి రూపమును నిలుపుచున్నది. పొయాసీ ఇల్లు మార్పు నెఱుగక ప్రదర్శనశాలగా మిగిలినది; బేలాపూర్ మార్పునకు లోనై ఊరుగా మిగిలినది.

ఇక భీవండి మాట. చేతిమగ్గముల ఈ పట్టణమునకు స్వాతంత్ర్యమునకు పూర్వమే మరమగ్గములు వచ్చినవి. 1982 నాటి బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తరువాత అవి మఱింత పెరిగినవి. సాంచా వచ్చుటతో ఇంటికిని పనికిని సంబంధము మారిపోయినది. గుంటమగ్గమును ఇల్లు తన కడుపున దాచుకొనగలిగినది, సాంచాను దాచుకొనలేదు. పగలురేయి ఆగని దాని అదురు నేలనుండి గోడకు, గోడనుండి పై అంతస్తునకు ప్రాకును. కార్ఖానాపై కాపురమున్న ఇల్లాలికి ఆ చప్పుడు ఆగినప్పుడే మెలకువ వచ్చునని చెప్పిన అతిశయోక్తి గాదు. పద్మనగర్ వంటి తెలుగు పేటలలో పెరిగిన బిడ్డలు ఆ చప్పుడు నడుమనే పాఠములు వల్లించిరి.

ఇట్టిచోట మేస్త్రి అనుభవమొక్కటి చాలదు. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున భీవండి పటేల్ కాంపౌండులో 1984 నాటి మూడంతస్తుల జిలానీ భవనము నిద్రించుచున్న కుటుంబములపై కూలి, సుమారు 40 మంది ప్రాణములు కోల్పోయిరి. ఏ కప్పు ఎంత బరువు మోయునో, ఏ స్తంభము ఎన్ని ఏండ్లకు బలము కోల్పోవునో కొలిచి చెప్పువాడు లేకున్నచో ఇల్లు ఇల్లు గాదు. స్థపతుల ఇండ్లలోని లోపములను చూచి, స్థపతియే అక్కఱలేదనుట ఆత్మహాని.

ఈ చరిత్రయంతయు ఒక్క మాటనే బోధించుచున్నది. కట్టడము బలము, గాలి, వెలుతురు, రూపము స్థపతికి తెలిసిన విషయములు. పని, పండుగ, రోగము, పెరుగు సంసారము గృహస్థునికి తెలిసిన విషయములు. మొదటివాడు రెండవవానిని అడుగక కట్టినది పొయాసీ ఇల్లు. ఇరువురిని అడుగక లెక్క కట్టినది డెవలప్‌మెంటు చాళు. శాస్త్రమును అడుగక బరువు పెంచినది కూలు భవనము. నేతవానికి ఇది క్రొత్త పాఠము గాదు. నమూనా గీయువాడు కాగితముపై ఎంత చక్కని పువ్వు గీసినను, పోగులు పొడవుగా తేలిన బట్ట గాజులకు, గోళ్ళకు చిక్కుకొని చెడునని మగ్గము మీద కూర్చున్నవానికే తెలియును. నమూనా లేని బట్టకు అందము లేదు; నేతగాని మాట వినని నమూనాకు ఆయువు లేదు.

కావున క్రొత్త ఇల్లు తలపెట్టిన తెలుగు కుటుంబము స్థపతి చూపు రంగుల పటమును మెచ్చుకొనుటతో ఆగరాదు. జూను నెల వాన ఏ వైపునుండి కొట్టును, తడిబట్ట ఎక్కడ ఆరును, రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు పగలు ఎక్కడ నిద్రించును, ముసలితల్లి ఎక్కడ కూర్చుండి వీధిని చూచును, పదేండ్ల తరువాత ఈ గోడకు మరమ్మతు ఖర్చెంత, ఈ కప్పు ఎంత బరువు మోయును అని అడుగవలెను. ఆ ప్రశ్నలకు ఓపికతో బదులు చెప్పువాడే మంచి స్థపతి. ఆ ప్రశ్నలు వేయుటకు సంకోచింపనివాడే మంచి గృహస్థుడు. వీరిరువురు కలిసి కట్టిన ఇంటిలో, పూర్వము మన ఊళ్ళలో నుండిన అరుగు ఏదో ఒక రూపమున తప్పక చోటు సంపాదించుకొనును.