తీర్పునకు చిరునామా

అర్చకుల వంశపారంపర్యపు హక్కును తొలగించిన 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము చెల్లునని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పినది. వ్యాజ్యమునకు వచ్చినవారిలో తిరుమల అర్చకులును కలరు. కావున అలిపిరి మెట్లెక్కు మనకిది ఇంటి వ్యవహారమే. ఆ తీర్పు చూడగోరినచో, ఏ. ఐ. ఆర్. సంపుటమున్న వకీలు 1765వ పుట చూడుమనును, ఎస్. సి. సి. కొన్నవారు 9వ సంపుటమున 548వ పుట యందురు. తీర్పు ప్రజలది, చిరునామా మాత్రము పుస్తకములమ్మువారిది! ఇవి కొనలేని పల్లెటూరి కక్షిదారు ఏమి చేయును?

2023 జనవరిలో సుప్రీంకోర్టు తన తీర్పులను ఉచితముగ చదువుకొను వీలు కల్పించినది. ఫిబ్రవరిలో వానికి తానే సంఖ్యలిచ్చుట ప్రకటించినది. ముందు సంవత్సరము, పిదప కోర్టు గుర్తు, చివర వరుస సంఖ్య. అంతియే, పుటతో పనిలేదు. పాత తీర్పులకును ఈ సంఖ్యలు వేసిరి. పుటసంఖ్యలకు అలవాటుపడిన వకీళ్లు కొంతకాలము రెండింటిని వ్రాయకతప్పదని మా తలంపు.