మంత్రి, వజీర్, ఫర్జీన్

2002 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ప్రపంచ కప్పు చదరంగ పోటీ అంతిమ ఘట్టంలో మద్రాసుకు చెందిన విశ్వనాథన్ ఆనంద్, తాష్కెంటుకు చెందిన రుస్తమ్ కాసిమ్‌జానోవ్ తలపడ్డారు. విజయం ఆనంద్‌ను వరించింది. అయితే చరిత్ర విద్యార్థికి ఆ ఫలితం కంటె, బల్లకు ఆవలి వైపు కూర్చున్నవాని దేశం ముఖ్యమైనది.

భారతదేశపు చతురంగం ఇరాన్ చేరి, అచటి నుండి అరబ్బులకు అంది షత్రంజ్ అయింది. ఆ దారి గుర్తులు మాటలలో నిలిచి ఉన్నాయి. యూరోపువారు రాణి అని పిలిచే పావును తెలుగువారు మంత్రి అంటారు. పాతబస్తీ ఉర్దూలో అది వజీర్, ఉజ్బెక్ భాషలో ఫర్జీన్. పూర్వం ఈ మంత్రి ఏటవాలుగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. అతనికి నేటి అధికారం పదిహేనవ శతాబ్దం చివర యూరోపులో లభించింది. పరదేశంలో పదవి పెరగడం ఒక వింత!

ఉద్దండులిద్దరి పోరు ముస్లిం చరిత్రకు కొత్త కాదు. ఖలీఫా అల్ ముక్తఫీ (902–908) ఆస్థానంలో అల్ మావర్దీ పేరుపొందిన ఆటగాడు, ఖలీఫాకు ప్రీతిపాత్రుడు. అబూబక్ర్ అస్సూలీ వచ్చి, ఖలీఫా సమక్షంలోనే అతనిని నిస్సందేహంగా ఓడించాడు. ఖలీఫా అభిమానం అటుపై సూలీ వైపు మళ్ళింది. సూలీ కేవలం ఆటగాడు కాడు. అబ్బాసీల చరిత్ర రచించిన పండితుడు. తరువాత సమర్ఖందులో, తైమూరు దర్బారులో, అలాఉద్దీన్ తబ్రేజీకి "అలీ షత్రంజీ" అనే పేరే స్థిరపడింది. ఆ సమర్ఖందు నేడు కాసిమ్‌జానోవ్ స్వదేశంలోనే ఉన్నది.

ఫిఖ్హ్ పండితులు మాత్రం ఏకాభిప్రాయానికి రాలేదు. హనఫీలు ఈ ఆటను హర్షించలేదు. ఇమామ్ షాఫిఈ (మరణం హిజ్రీ 204) దీనిని ఇష్టపడకపోయినా, పందెం లేకుండా, నమాజు తప్పకుండా ఆడేవారి విషయంలో కఠినంగా వ్యవహరించలేదు. పాతబస్తీలో అధికులు హనఫీలు. బార్కస్‌లోని హజ్రమీ అరబ్బులు షాఫిఈలు. అంటే ఒకే బస్తీలో ఒకే ఆటపై రెండు తీర్పులు పక్కపక్కనే బ్రతుకుతున్నాయి. ఈ భేదాన్ని విస్మరించి "ఇస్లాం చదరంగాన్ని నిషేధించింది" అని ఒక్క మాటలో తేల్చడం చరిత్రకు అన్యాయం.

హైదరాబాదులో ఓడిన కాసిమ్‌జానోవ్ 2004లో ట్రిపోలీలో మైకేల్ ఆడమ్స్‌ను ఓడించి ఫిడే ప్రపంచ విజేత అయ్యాడు. 2008లో బాన్ నగరంలో క్రామ్నిక్‌తో ఆనంద్ తలపడినప్పుడు, ఆనంద్ సహాయక బృందంలో కూర్చుని ఎత్తులు సిద్ధం చేసినవారిలో ఆయన ఒకరు.